చెవులున్న పెట్టె

మద్రాసు అంగడాయన ఫోన్లో ఊరిస్తా ఉన్నాడు:
వంద వాట్లు, రంగుల తెర,
వేలితో తడితే చాలు, గాల్లో ఎవురెక్కడున్నారో
కొండలు కొండలుగా కనపడతారంట.

నేను మోటార్లకు రాగితీగ చుట్టేవాణ్ణి.
ఉలవపాడులో, రైలుగేటు పక్క అంగడి.
రొయ్యల గుంటల్లో ఉప్పు తిని, కాలి వస్తాయి మోటార్లు.
వాసన చూసి చెప్పగలను ఏ ఫేజు పోయిందో.
తెర అంటే అందుకే రొవంత భయం.
మా గాలి ఇత్తడి తాళాన్నే
ఆర్నెల్లకు పచ్చగా చేస్తుంది.

లైసెన్సు వచ్చి ఏడాదైంది.
చేతిసెట్టు పట్టుకుని మిద్దెక్కితే
కావలి దాకా మాట. దాటితే గుసగుస.
ఇంట్లో ఒక పెట్టె కావాల,
కదలకుండా ఒకచోట కూర్చుని దూరాన్ని వినేది.

"సెల్లు ఉండాదిగా,
ఇంకెవురితో మాట్లాడాల నువ్వు?"
అనింది మస్తానమ్మ.
వార్నీషు డబ్బాకు మూత బిగించినాను,
అప్పటికే బిగించున్న మూత.

ఆదివారం కావలి పోయినాను, దస్తగిరి సారు ఇంటికి.
తంతి ఆఫీసులో చుక్కా గీతా కొట్టి రిటైరైన మనిషి.
"చెయ్యి కాదబ్బయా, ముందు చెవి" అని
నాకు మోర్సు నేర్పినాడు.
ఆయన పోయి మూడు నెలలు.
బల్లమీద ఆయన సెట్టు అట్నే ఉండాది,
గాజు వాల్వులది, నేను పుట్టకముందుది.
తిప్పే బిళ్ళమీద బొటనవేలి గుంటలో
రంగు అరిగి లోహం తేలింది.
నా వేలు పెట్టి చూసినాను. సరిపోలా.

దాని గుణం నాకు తెలుసు.
పది నిమిషాలకు జరిగిపోతుంది,
మేస్తా మేస్తా గట్టు దాటే గొడ్డులాగా.
అయినా సరే, బేరమాడకుండా కొనాలనే పోయినాను.

షంషాద్‌బీ టీగ్లాసు చేతికిచ్చి అనింది:
"కొనొద్దు నాయనా.
తుఫాను రాత్రి కరెంటు పోతే అది రాయి.
ఆయన దానిముందు కూర్చుని
తెల్లారిందాకా దాన్ని తిట్టినాడు.
పాతసామాన్లోడు కిలోల లెక్కన అడిగినాడు, ఇచ్చేస్తా."
కాసేపాగి,
"ఇయ్యన్లే" అనింది.

మిద్దెమీదికి తీసకపోయింది.
ఈ గోడ నుంచి ఆ గోడకు రాగితీగ,
దానిమీద దుప్పట్లు ఆరేసుంది.
"ఇది తీసకపో. నాకు బట్టలకి నైలాను తాడు కట్టి పో."
జానలేసి కొలిచినాను: ఇరవై మీటర్లు,
నలభై మీటర్ల బ్యాండుకు సరిగ్గా సగం.
ఇన్నాళ్ళూ నేను పెట్టెనే చూసినాను,
తీగను చూళ్ళా.

సెట్టు చివరికి సెకండ్‌హ్యాండుది,
మద్రాసాయన అంగట్లో మూలన పడున్నది.
తెర లేదు, అంకెలు మాత్రం,
మూడోది సగమే వెలుగుతుంది.
పన్నెండు వోల్టులు. ట్రాక్టరు బ్యాటరీకి పలుకుతుంది.
మిగిలిన డబ్బు తాటిదుంగకి, కప్పీలకి, ఎర్తుకి పోయింది.

మొదటి రాత్రి వింటే ఒకటే రొద.
చుట్టూ రొయ్యల గుంటలు,
గుంటగుంటకూ తిరిగే మోటార్లు,
సగం నేను చుట్టినవే.
నా తీగలే నా చెవిలో కూర్చుని గీపెడతా ఉన్నాయి.
కోపం ఎవురిమీద చూపించాల?

రెండున్నరకి కరెంటు పోయింది.
జనరేటర్లు అందుకునే లోపు
నాలుగు నిమిషాలో, మూడో.
ఊరు ఒక్కసారిగా అడుగంటింది.
ఆ నిశ్శబ్దం అడుగున
వెంట్రుకంత సన్నగా చుక్కా గీతా,
ఎవురన్నా ఉన్నారా,
ఎవురన్నా ఉన్నారా.

చెయ్యి ఆడలా.
సారు చెవి నేర్పినాడుగానీ
ఈ వణుకు సంగతి చెప్పలా.

చీకట్లో మస్తానమ్మ లేచి కూర్చునింది.
"ఎవురో పిలస్తా ఉన్నారే, పలకవా?"

మీటమీద వేలు పెట్టినాను.
పడమటి గుంట జనరేటరు అప్పుడే
ఒకసారి దగ్గింది.